ఘాట్ ఎక్కే పికప్‌కి ట్యూనింగ్ అవసరమా?

కోరాపుట్, జయపురం వైపు సరుకు తోలే మనవాళ్లలో ఇప్పుడు రీమ్యాప్, అంటే ఇంజను సాఫ్ట్‌వేర్ మార్పించడం, అనే మాట బాగా నడుస్తోంది. "సాఫ్ట్‌వేర్ ఒక్కసారి మార్పించి చూడు బావా, మూడో గేరులోనే సుంకి ఘాట్ ఎక్కేస్తాది" అని ఒకరంటే పదిమంది వింటారు. ఘాట్ ఎక్కడానికి అసలెంత పవర్ కావాలో లెక్క వేసేవాళ్లు మాత్రం తక్కువ.

లెక్క కష్టమేమీ కాదు. సరుకుతో కలిపి 3 టన్నుల బండి, 7 శాతం వాలు, గంటకు 36 కిలోమీటర్ల వేగం అనుకుందాం. ఆ బరువును పైకి లాగడానికే 20 కిలోవాట్లు దాటుతుంది. టైర్ల రాపిడికి ఇంకో మూడున్నర. మొత్తం 24 కిలోవాట్లు, అంటే దాదాపు 32 హార్స్‌పవర్. 2523 సీసీ బొలెరో పికప్ ఇంజను ఇచ్చేది సుమారు 75. గేర్‌బాక్సు, యాక్సిల్ తినేది పోయినా సగం మిగులుతుంది. ఘాట్ మలుపుల్లో అంతకంటే వేగంగా ఎలాగూ పోలేం. అదే బండి మొత్తం బరువు 5 టన్నులకు చేరితే 54 హార్స్‌పవర్ కావాలి. అప్పుడు బండి ఈడుస్తుంది, ఓనరు ట్యూనింగ్ షాపు వెతుక్కుంటాడు. నన్నడిగితే ఇలాంటి చాలా బళ్లలో సమస్య ఈసీయూలో (ఇంజను నడిపించే కంప్యూటరులో) లేదు, వెనక తొట్టిలో ఉంది. పైగా దిగేటప్పుడు ఆ బరువంతా బ్రేకుల మీదే పడుతుంది.

ఇంతకీ ఆ సాఫ్ట్‌వేర్ చేసేదేమిటి? కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే పైపు నుంచి ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ అందే) డీజిల్ ఇంజనులో ఎప్పుడు, ఎంత డీజిల్, ఎంత ప్రెషర్‌తో కొట్టాలో ఈసీయూలోని అంకెల పట్టికలు చెబుతాయి. రీమ్యాప్ అంటే ఆ అంకెలు మార్చడం. చౌకగా దొరికే ట్యూనింగ్ బాక్సులు చాలావరకు అదీ చెయ్యవు. రైల్ ప్రెషర్ సెన్సర్ సిగ్నల్‌ని తగ్గించి చూపిస్తాయి, ఈసీయూ మోసపోయి ప్రెషర్ పెంచుతుంది. కొలతనే తప్పు చేసే వస్తువు కొనమని నేనైతే ఎవరికీ చెప్పను.

డీజిల్ పెంచితే గాలీ పెరగాలి. లేకపోతే మిగిలిన ఇంధనం నల్లపొగ. ఎగ్జాస్ట్ వేడెక్కుతుంది. పిస్టన్లు అల్యూమినియం మిశ్రమం, స్వచ్ఛమైన అల్యూమినియమే 660 డిగ్రీలకు కరుగుతుంది. ఇక్కడ మన కొండల సంగతి వస్తుంది. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు. అక్కడి గాలి విశాఖ గాలికంటే దాదాపు 8 శాతం పలచన. ఆ లోటు పూడ్చడానికి, ఇంజనులోకి గాలి నెట్టే టర్బో ఇంకా వేగంగా తిరుగుతుంది. విశాఖలో బూస్ట్ (టర్బో నెట్టే గాలి ప్రెషర్) పెంచిన మ్యాప్‌తో పైకి వస్తే, టర్బోకి ఉన్న కాస్త వెసులుబాటు కూడా అయిపోతుంది. పక్కనే సునాబెడలో యుద్ధవిమానాల ఇంజన్లు తయారుచేసే హెచ్ఏఎల్ కర్మాగారం ఉంది. పలచని గాలి అక్కడ రోజువారీ లెక్క, మన షాపుల్లో మాత్రం ఎవరికీ పట్టదు.

ఖర్చు పెట్టేముందు బానెట్ ఎత్తి, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ హోస్ క్లాంపుల దగ్గర వేలు పెట్టి చూడండి. నూనె కలిసిన నల్లటి జిడ్డు గట్టిగా అంటితే, అక్కడ బూస్ట్ లీకవుతోందేమో అనుమానించాలి. క్లాంపు బిగించినా, కొత్త హోస్ వేసినా పోయిన లాగుడు చాలాసార్లు తిరిగొస్తుంది. ఎయిర్ ఫిల్టర్ సంగతీ అంతే. ఎర్రమట్టి రోడ్లమీద తిరిగే బండికి సర్వీస్ బుక్‌లో రాసిన గడువు దాకా ఆగడం తప్పు. రేడియేటర్ రెక్కల్లో మట్టి కూడా కడగాలి.

అన్నీ చూశాక కూడా ట్యూనింగే కావాలంటే, హార్స్‌పవర్ ఎంతని అడక్కండి. 1400 నుంచి 2200 ఆర్‌పీఎం మధ్య టార్క్ (ఇంజను తిప్పే బలం) ఎంత పెరుగుతుందో డైనో (పవర్, టార్క్ కొలిచే యంత్రం) గ్రాఫ్‌లో చూపించమనండి, ఘాట్‌లో పనికొచ్చేది అదే. పొగను ఆపే పరిమితి అలాగే ఉంచారా, క్లచ్ ఆ టార్క్ మోస్తుందా అనీ అడగండి. "డీపీఎఫ్ తీసేస్తాం, ఈజీఆర్ మూసేస్తాం" అనే షాపు నుంచి అక్కడికక్కడే వెనక్కి వచ్చెయ్యండి. ఆ రెండూ పొగలోని మసిని, విషవాయువులను తగ్గించే భాగాలు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మే కొత్త బళ్లు బీఎస్ 6 కాలుష్య ప్రమాణాలకు లోబడాలి. ఆర్సీలోని తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. వారంటీ, ఇన్సూరెన్స్ క్లెయిముల టెన్షన్ అదనం. ఈసీయూలోని పాత ఒరిజినల్ ఫైల్ కాపీ మాత్రం పెన్‌డ్రైవ్‌లో మీ చేతికి ఇచ్చాకే డబ్బులు కట్టండి.