డిక్కీలో బ్యాటరీ ఉంటే సెల్ఫ్ ఎలా కొడుతుంది?

కొన్ని కార్లలో బానెట్ ఎత్తితే బ్యాటరీ కనబడదు. అది వెనక డిక్కీలో ఉంటుంది. ముందు బరువు తగ్గుతుంది, ఇంజిన్ వేడీ తగలదు. చాలా బీఎండబ్ల్యూ మోడళ్లలో ఇదే పద్ధతి. పాత కార్లకు సొంతంగా ఈ మార్పు చేసుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఎక్కువ బుర్ర పెట్టాల్సింది మధ్యలో పరిచే కేబుల్ మీద.

సెల్ఫ్ కొట్టినప్పుడు స్టార్టర్ మోటార్ 200 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. 16 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ 5 మీటర్లు వేస్తే దాని నిరోధం సుమారు 5.4 మిల్లీఓమ్‌లు. లెక్కలోకి రానంత చిన్నదిగా కనిపిస్తుంది. 200తో గుణించి చూడండి, 1 వోల్టుకు పైనే దారిలో ఖర్చయిపోయింది! ఉన్నవే 12 వోల్టులు, సెల్ఫ్ కొట్టేటప్పుడు అవీ పడిపోతాయి. ఇంజిన్ బద్ధకంగా తిరగక ఏం చేస్తుంది? అదే 50 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ అయితే పోయేది 0.34 వోల్టే. కేబుల్ దగ్గర పొదుపు చేయకపోవడమే మంచిది.

కరెంటు తిరిగొచ్చే దారి కారు బాడీ. బోల్టు బిగించే చోట పెయింట్ గీకి, మెరిసే రేకు కనబడ్డాకే లగ్ (కేబుల్ చివర ఉండే లోహపు కొస) పెట్టాలి. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి దానికీ బాడీకీ మధ్య లావుపాటి ఎర్త్ పట్టీ తప్పనిసరి. అది లేకపోతే కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ లాంటి సన్నని వాటి గుండా వెళ్లి వాటిని కాల్చేయగలదు.

ఇక భయపడాల్సిన విషయం షార్ట్ సర్క్యూట్. కేబుల్ రేకు రంధ్రంలోంచి దూరే ప్రతిచోటా రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు రింగు, అంటే గ్రోమెట్ ఉండాలి. అక్కడ తొడుగు ఒరుసుకుపోయి రాగి రేకుకు తగిలిందంటే వెయ్యి ఆంపియర్లు దాటి పారవచ్చు. అందుకే ఫ్యూజ్ బ్యాటరీ పక్కనే ఉండాలి. స్టార్టర్ దగ్గర పెడితే మధ్యలోని కేబుల్‌కు రక్షణే లేదు. బీఎండబ్ల్యూ ఇంకో దారి పట్టింది: ప్రమాదం జరగగానే చిన్న పేలుడు పదార్థంతో బ్యాటరీ క్లాంప్ దగ్గరే స్టార్టర్ కేబుల్‌ని తెంపేస్తుంది.

బ్యాటరీ దిగిపోతే? డిక్కీ లాక్ కరెంటుతో పనిచేసేదైతే మరీ టెన్షన్. అందుకే బానెట్ కింద స్టార్టర్‌కు వెళ్లే లావు కేబుల్ మీదే ఒక జంప్ స్టార్ట్ టెర్మినల్ పెడతారు, ఇంకో కారు బ్యాటరీ నుంచి జంపర్ కేబుల్‌తో కరెంటు తీసుకుని స్టార్ట్ చేయడానికి. దీనివల్ల ఇంకో లాభం ఉంది. అవతలి కారు కరెంటు వెనక్కి వెళ్లి రాకుండా నేరుగా స్టార్టర్‌కు అందుతుంది. టెర్మినల్‌ని సన్నని వైరుతో కలిపితే మాత్రం ఆ లాభమంతా పోతుంది, వైరూ కాలుతుంది.

ఛార్జింగ్‌లో బ్యాటరీ హైడ్రోజన్ వదలగలదు. గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. డిక్కీ మూసి ఉండే చోటు కాబట్టి ఆ గ్యాస్‌ని గొట్టంతో బయటికి పంపాలి. జంపర్ కేబుళ్ల నల్ల క్లాంప్‌ని చివరగా, బ్యాటరీకి దూరంగా, ఇంజిన్ లోహానికి తగిలించమనేదీ ఇందుకే. ముందున్న టెర్మినల్ ఎప్పుడూ లైవ్‌లోనే ఉంటుంది, తాళంచెవి తీసేసినా సరే. ఎర్ర మూత ఊడిపోతే, స్పానర్ ఒక కొస దానికీ మరో కొస బాడీకీ తగలడానికి క్షణం పట్టదు.