వేలి వెనక చేంతాడు

చిరంజీవి బుజ్జికి తాతయ్య దీవెనలు.

వేళ్ళు ఆడిస్తుంటే మోచేతి కింద చర్మం లోపల ఏదో పాకుతోంది, అదేంటని అడిగావు. వేళ్ళలో వాటిని కదిపే కండ లేదురా. ఎముకలు, టెండాన్లనే తెల్లటి తాళ్ళు, పైన తోలు, అంతే. ముడిచే పెద్ద కండలు ముంజేతిలో ఉంటాయి. అక్కడ లాగితే ఇక్కడ వేలు ముడుచుకుంటుంది. నీకు పాకినట్టు కనిపించింది ఆ కండే. బొటనవేలి మొదట్లో మాత్రం అరచేతిలోనే ఉబ్బెత్తుగా కొంత కండ ఉంది. రోజంతా ఫోను మీద నువ్వు అరగదీసేది దాన్నే.

మరి కండ ఎలా లాగుతుంది? బావిలోంచి నీళ్ళు తోడటం ఊహించుకో. మీ అపార్ట్‌మెంటులో మోటారే గదా, ఊహించుకోక తప్పదు. ఒక చేత్తో చేంతాడు లాగి, అది పట్టు వదిలేలోపే రెండో చెయ్యి చాచి తాడందుకుంటాం. తాడు పొడవు అంగుళం కూడా తగ్గదు, జరిగొచ్చి కాళ్ళ దగ్గర పడుతుంది. కండలోనూ ఇంతే. ఆక్టిన్ అనే సన్న పోగు చేంతాడు. మయోసిన్ అనే లావు పోగు తోడే మనిషి. ఆ మనిషికి కొన్ని వందల చేతులు! నరం నుంచి కబురు రాగానే కండ కణంలో కాల్షియం విడుదలవుతుంది, అప్పుడే చేతులకు తాడు అందుతుంది. ఒక్కో లాగుడుకి జరిగేది మహా అయితే 10 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో లక్షో వంతు. చేతులన్నీ ఒకేసారి వదలవు. వదిలితే బొక్కెన గుభేలున బావిలో పడదూ? పోగులు కురచ కావు, ఒకదాని పక్కన ఒకటి జారతాయని 1954లో రెండు జట్లు విడివిడిగా ప్రకటించాయి. రెండింటిలోనూ హక్స్‌లీ అనే ఇంటిపేరున్న శాస్త్రవేత్త ఒక్కొక్కడు ఉన్నాడు. ఇద్దరూ చుట్టాలు మాత్రం కారు.

ఇంకో తమాషా. చెయ్యి తాడు వదలాలంటే ఏటీపీ అనే ఇంధనం వచ్చి తగులుకోవాలి. ప్రాణం పోయాక ఏటీపీ అయిపోతుంది, పట్టిన చేతులు పట్టినట్టే ఉండిపోతాయి. చేపల బజారులో కొన్ని చేపలు కొయ్యలా బిగిసి ఉండేది అందుకే. ఒకటి రెండు రోజుల్లో పోగులే పాడై ఆ పట్టు సడలుతుంది.

తాడుతో లాగగలం గానీ నెట్టలేం గదా. కండా అంతే. అందుకే జతలు. మోచెయ్యి ముడవడానికి జబ్బ ముందు కండ, చాపడానికి వెనక కండ. రాత్రి నిద్రలో పిక్క పట్టేస్తే మోకాలు చాపి, పాదం వేళ్ళను నీ వైపు లాక్కుని అర నిమిషం అలాగే పట్టుకో. బిగిసిన పోగులు సాగి విడతాయి. నొప్పి పుట్టేలా గట్టిగా పిసకొద్దు.

ఇక్కడిదాకా బావి పోలిక నడిచింది. తెల్ల రక్తకణం దగ్గర చెల్లదు. అది సూక్ష్మజీవి వెంట పడేటప్పుడు, ఇదే ఆక్టిన్ తాడు ముందు కొసన ముక్క వెనక ముక్క అతుక్కుంటూ పెరిగి, కణం పొరను ముందుకి తోస్తుంది. నెట్టే చేంతాడు! నేనిన్నాళ్ళుగా చదువుతున్నా నాకిది వింతగానే ఉంటుంది.

ఆదివారం చికెన్ కొట్టుకి నాన్నతో వెళ్ళి, గోళ్ళతో సహా ఒక కోడి కాలు అడుగు. కోసిన చోట తెల్లగా మెరిసే తాళ్ళు కనిపిస్తాయి. వెనక వైపు ఉన్నదాన్ని పటకారుతో పట్టి మెల్లగా లాగు. వేళ్ళు ముడుచుకుంటాయి. మళ్ళీ తెరిపించడానికి ఏ తాడు లాగాలో నేను చెప్పను. చూసి, చేతులు సబ్బుతో కడుక్కుని, నాకు రాయి.

మీ తాతయ్య