సజ్జ మీది సామాను, మెదడులోని లెక్క

ఇల్లు ఖాళీ చేద్దామని నడుం కట్టిన వాళ్లలో చాలామంది చేతులెత్తేసేది మధ్యాహ్నం భోజనాలయ్యాక. ఉదయం ఉత్సాహంగా సజ్జ మీది సామానంతా కిందికి దించుతారు. మూతలు పోయిన గంజులు, గంజులు పోయిన మూతలు, పెళ్లికి చదివింపుల్లో వచ్చిన గోడ గడియారాలు, పిల్లల పదో తరగతి గైడ్లు, ఏ ఫోనువో ఎవరికీ గుర్తులేని చార్జర్లు. హాల్లో కాలు పెట్టే సందు ఉండదు. ఇంతలో ఎవరో పాత ఫొటోల ఆల్బం తెరుస్తారు, గంట గడిచిపోతుంది. చీకటి పడే వేళకు విసుగు, నడుం నొప్పి, చిన్నపాటి గొడవ. దించిన సామానంతా మళ్లీ సజ్జ మీదికే.

దీన్ని బద్ధకం అనడం అన్యాయం. పొద్దుటి నుంచి అంత పని చేసిన వాళ్లను ఆ మాట ఎలా అంటాం? అసలు బరువు సామానుది కాదు, సామాను గురించి చేయాల్సిన తీర్పులది. ఒక స్టీలు డబ్బాను చేతిలోకి తీసుకున్నారంటే, ఉంచాలా, ఇచ్చేయాలా, ఇస్తే ఎవరికి, ఇచ్చింది తెలిస్తే అత్తమ్మ ఏమంటుంది అని నాలుగు ప్రశ్నలు వెంట వస్తాయి. అలాంటి డబ్బాలు నలభై ఉంటే?

మనిషి ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగల విషయాలు ఏడు, అటూ ఇటుగా రెండు అని 1956లో అమెరికా మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ రాశాడు. ఆ అంకె చాలా కాలం చెలామణి అయింది. 2001లో మరో మనస్తత్వవేత్త నెల్సన్ కోవన్ అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను తిరగేసి, అసలు సంఖ్య నాలుగుకు దగ్గరగా ఉంటుందని తేల్చాడు. హాలు నిండా పరిచిన సామాను ముందు నాలుగు ఏ మూలకు? దీనికి తోడు కంటికి కనిపించేవన్నీ మెదడులో ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో సబీన్ కాస్ట్‌నర్ బృందం మెదడు స్కాన్లలో గమనించిన సంగతి ఇది: చూపు మేరలో పక్కపక్కనే చాలా వస్తువులు ఉన్నప్పుడు, దృష్టికి సంబంధించిన మెదడు భాగాల్లో ఒకదాని సంకేతాన్ని మరొకటి అణచివేస్తుంది. వాటిలో కావలసిన ఒక్కదాన్ని పైకి తీసుకురావడానికి ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాలి. అంటే సామాను మధ్యలో కూర్చుని ఏమీ చేయకపోయినా మెదడు పని చేస్తూనే ఉంటుంది.

ఈ సందర్భంలో చాలామంది చెప్పే మరో మాట ఉంది: నిర్ణయాలు తీసుకున్న కొద్దీ సంకల్పబలం అరిగిపోతుందని. 1998లో మనస్తత్వవేత్త రాయ్ బామైస్టర్, ఆయన సహచరులు చేసిన ప్రయోగాలతో ఈ ఆలోచనకు పేరొచ్చింది. 2016లో 23 ప్రయోగశాలలు కలిసి రెండు వేలకు పైగా మందితో ఇదే తరహా పరీక్షను మళ్లీ చేస్తే, ఆ ప్రభావం దాదాపు సున్నాగా తేలింది. కాబట్టి ఆ మాటను వేదవాక్కుగా తీసుకోనక్కర్లేదు. మధ్యాహ్నానికి మనం అలసిపోవడానికి ఎండ, దుమ్ము, నిచ్చెన ఎక్కి దిగడం కూడా చాలు.

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఈ బెడద ఇంత పెరగడానికి స్థానిక కారణం ఒకటుందని నాకు అనిపిస్తుంది. పరకాల, నర్సంపేట, జనగామ వైపు ఊళ్లలోని గూన పెంకుల ఇళ్లకు సామాను కోసమే ఒక అర్ర ఉండేది. వడ్లు పోసే గుమ్మి, నీళ్ల గోలెం, పెళ్లిళ్లకు వాడే పెద్ద గంజులు, అన్నిటికీ చోటుండేది. ఆ కుటుంబాలు చదువుల కోసమో ఉద్యోగాల కోసమో హనుమకొండలో రెండు పడక గదుల ఫ్లాటుకు మారాయి. అర్ర ఊళ్లో ఉండిపోయింది, సామాను మాత్రం వెంట వచ్చింది. పాశ్చాత్య దేశాల సలహాలు మన ఇళ్లకు అతకనిది కూడా ఇక్కడే. ఏడాదిగా వాడని వస్తువును వదిలేయమని వాళ్లు సూత్రం చెబుతారు. బతుకమ్మ పేర్చే ఇత్తడి తాంబాలం ఏడాదికి తొమ్మిది రోజులే బయటికి వస్తుంది. ఆ సూత్రం ప్రకారం అది ఎప్పుడూ గట్టున పడీ పడనట్టే ఉంటుంది. ఒడిబియ్యంలో పెట్టే రవికె గుడ్డల సంగతి ఇంకా విచిత్రం. వాటిని కుట్టించుకునేవారు అరుదు. ఒక ఇంట్లో పెట్టింది మరో ఇంట్లో పెట్టుబడి అవుతూ, మడత విప్పకుండానే ఎన్నో గడపలు తొక్కుతాయి. వాటిని చెత్త అనడం కుదరదు, అవి ఇచ్చిపుచ్చుకునే లెక్కలో భాగం.

చేతికి వచ్చిన వస్తువును వదలడం ఎందుకంత కష్టమో చెప్పే ప్రయోగం చాలా సాదాసీదాది. డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ 1990లో దాని ఫలితాలు ప్రచురించారు. కార్నెల్ విశ్వవిద్యాలయం విద్యార్థుల్లో సగం మందికి కాఫీ కప్పులు ఊరికే ఇచ్చారు. కాసేపటికి, ఎంతకు అమ్ముతారని వాళ్లను, ఎంతకు కొంటారని మిగతా సగం మందిని అడిగారు. కొనేవాళ్లు మూడు డాలర్లలోపు చెబితే, అమ్మేవాళ్లు ఐదు డాలర్లకు పైగా అడిగారు. కప్పు అదే, చేతిలో ఉన్నది కొన్ని నిమిషాలే. ‘నాది’ అనుకోగానే విలువ దాదాపు రెట్టింపయింది. ఇక ముప్పై ఏళ్లుగా ఇంట్లో ఉన్న వస్తువు సంగతి చెప్పాలా? అందులోనూ మన స్టీలు గిన్నెల మీద ఇచ్చినవారి పేరు, పెళ్లి తేదీ చెక్కి ఉంటాయి. మేనమామ పేరున్న గిన్నెను పాత సామాను బండిలో వేయడమంటే మేనమామనే వేసినట్టు అనిపిస్తుంది.

ఇలాంటి వాటి విషయంలో 2017లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం పనికొస్తుంది. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం హాస్టళ్లలో, వాడని వస్తువులు దానమివ్వమని విద్యార్థులను కోరారు. కొన్ని హాస్టళ్లలో అదనంగా ఒక మాట చేర్చారు: జ్ఞాపకం ఉన్న వస్తువుకు ముందు ఫొటో తీసుకుని, తరువాత ఇవ్వండి అని. ఆ మాట చెప్పిన చోట 613 వస్తువులు, చెప్పని చోట 533 వచ్చాయి. పెద్ద తేడా ఏమీ కాదు, కానీ ఖర్చు లేని ఉపాయం. గిన్నె మీది పేరును దగ్గరగా ఫొటో తీసుకుంటే, వదలలేనిది లోహాన్నా, పేరునా అన్నది ఎవరికి వారికి తెలిసిపోతుంది. పేరు కాదు, గిన్నే కావాలనిపిస్తే ఉంచుకోండి. దాన్ని వంటింట్లోకి తెచ్చి రోజూ వాడండి.

అందుకే జ్ఞాపకాల జోలికి చివర్లో వెళ్లాలి. మొదట చేయాల్సింది అసలు తీర్పే అవసరం లేని చోట. నన్నడిగితే వానాకాలంలో సజ్జను వదిలేసి పెరట్లోకి, డాబా మీదికి పొమ్మంటాను. డెంగీని మోసే ఏడిస్ ఈజిప్టై దోమ మురికి కాలువల్లో పెట్టదు గుడ్లు, మన ఇంటి చుట్టూ నిలిచిన మంచినీళ్లలో పెడుతుంది. పాత టైరు, పగిలిన కుండ, కొబ్బరి చిప్ప, మూలన పడేసిన ప్లాస్టిక్ బకెట్ దానికి చాలు. వేసవి అయ్యాక మూలకు నెట్టేసిన గడ్డి కూలర్ అడుగున మిగిలిన నీళ్లు మరీ ఇష్టం. నీటి అంచుకు కాస్త పైన, తడి గోడకు గుడ్లు అంటిస్తుంది. అవి ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ వాన పడి నీరు ఆ ఎత్తుకు చేరగానే పొదుగుతాయి. వెచ్చని వాతావరణంలో గుడ్డు నుంచి రెక్కల దోమ రావడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది. అందువల్ల నీళ్లు పారబోస్తే సరిపోదు, తొట్టి గోడలను పీచుతో రుద్ది కడగాలి. ఈ దోమ ఎక్కువ దూరం ఎగరదు, సాధారణంగా పుట్టిన చోటికి కొన్ని వందల మీటర్ల లోపే తిరుగుతుంది. పగటిపూట మిమ్మల్ని కుట్టిన దోమ మీ పెరట్లోదో, పక్కింటిదో అయ్యే అవకాశమే ఎక్కువ. తెలంగాణలో 2020లో ‘ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ అంటూ ప్రభుత్వం ప్రచారం చేసింది దీనికోసమే. పగిలిన బకెట్ గురించి అత్తమ్మను అడగనక్కర్లేదు, ఎవరి జ్ఞాపకమూ దానికి అంటుకుని ఉండదు.

తరువాత కాగితాలు. వరంగల్ వాళ్లకు దీని విలువ వరదలు నేర్పాయి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో కాలనీలు నీట మునిగాయి. అదే జూలైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరు ఊరంతా వరదలో చిక్కుకుంది. పాత కరెంటు బిల్లులు, పెళ్లి పత్రికలు, గ్యాస్ రసీదుల మధ్య పట్టాదారు పాసుపుస్తకం, టెన్త్ మెమో కలిసిపోయి మంచం కింది పెట్టెలో ఉంటే, నీళ్లు వచ్చిన రాత్రి ఏది తీసుకుని పరుగెత్తాలి? పోతే తిరిగి తెచ్చుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన పత్రాలు ఏ ఇంట్లోనైనా ఒక సంచికి మించవు. వాటిని వేరు చేసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఎత్తైన చోట ఉంచితే, మిగతా కాగితాల గుట్ట ఒక్కసారిగా తేలికవుతుంది. ఏది పారేయాలని వెతికే బదులు ఏది కాపాడాలని వెతకడం మెదడుకు చాలా చిన్న పని.

బట్టల దగ్గర కాస్త రసాయన శాస్త్రం కావాలి. నూలు చీరను గంజి పెట్టి దాచితే వెండిరంగు పురుగులకు విందు పెట్టినట్టే, ఎందుకంటే వాటికి పిండి పదార్థమంటే ప్రాణం. ఏళ్ల తరబడి దాచేవాటిని గంజి లేకుండా ఉతికి, బాగా ఎండబెట్టి పెట్టాలి. బీరువాలో వేసే కలరా ఉండలు నాఫ్తలీన్‌తో చేసినవైతే ఇంకో జాగ్రత్త ఉంది. అవి కరగకుండానే నేరుగా ఆవిరవుతాయి, ఆ ఆవిరి బట్టలకు పడుతుంది. జి6పీడీ అనే ఎంజైమ్ లోపంతో పుట్టిన పసిపిల్లలకు అలాంటి బట్టలు చుడితే ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమై తీవ్రమైన కామెర్లు వచ్చే ప్రమాదముంది. ఇంట్లో పురుడు ఉంటే, పొత్తిగుడ్డల కోసం దాచిన పాత చీరలను ముందే ఉతికి ఎండలో ఆరేయడం మంచిది. చిరిగిన చీరలతో బొంత కుట్టే చేయి ఇంట్లో ఉంటే వాటిని ఉంచండి. ఎప్పుడో ఎవరో కుడతారనే ఆశతో దాచినవి మాత్రం బొంతలు కావు.

ఉబ్బిన ఫోను బ్యాటరీలను ఎంత మాత్రం దాచకూడదు. మన ఎండాకాలంలో స్లాబు కింది సజ్జ కొలిమిలా కాలుతుంది, దెబ్బతిన్న లిథియం బ్యాటరీకి వేడి తగిలితే అంటుకోవచ్చు. రాగి కోసం పాత వైర్లను కాల్చడం కూడా వద్దు, పైనున్న పీవీసీ తొడుగు కాలితే డయాక్సిన్ల వంటి విషపదార్థాలు పుడతాయి. ఎలక్ట్రానిక్ వ్యర్థాలను ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికే ఇవ్వాలి. ఇన్వర్టర్ పాత బ్యాటరీని కొత్తది అమ్మే దుకాణమే విలువ కట్టి తీసుకుంటుంది.

ఇంత చదివాక చాలామంది మొదట చేసే పని ఏమిటంటే, సర్దుకోవడానికి ప్లాస్టిక్ డబ్బాలు కొనడం. 2021లో ‘నేచర్’ పత్రికలో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఈ అలవాటు మీదే. బొమ్మ ఇటుకలతో పేర్చిన ఒక కట్టడం ఇచ్చి, దాని పైకప్పును నిలకడగా చేయమన్నారు. ఒక ఇటుక తీసేస్తే పని అయిపోతుంది, అయినా ఎందరో ఇటుకలు చేర్చారు. తీసేయడానికి ఖర్చేమీ లేదని గుర్తుచేస్తే తీసేసేవాళ్లు పెరిగారు. తీసేసే ఉపాయం మనకు నచ్చక కాదు, అది తోచకనే. ఇంకో అల్మారీ కొందామనే ప్రతి ఇంట్లోనూ ఇదే కథ.

ఈ పనంతా ఎవరి నెత్తిన పడుతుందో కూడా చూడాలి. లాస్ ఏంజెలస్‌లో ఇద్దరూ ఉద్యోగాలు చేసే దంపతుల మీద జరిగిన ఒక అధ్యయనం 2010లో వచ్చింది. ఇల్లు చూపిస్తూ చిందరవందర, పూర్తికాని పనులు అంటూ మాట్లాడిన స్త్రీలలో, రోజు గడిచే కొద్దీ తగ్గాల్సిన కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను సరిగా తగ్గలేదు. అయితే సామాను వల్లే ఒత్తిడి అని దీనితో రుజువైనట్టు కాదు, ఒత్తిడిలో ఉన్నవాళ్లకే ఇల్లు అలా కనిపించి ఉండవచ్చు. ఎలా చూసినా, సర్దే బాధ్యత ఒకరిదీ పారేసే అధికారం మరొకరిదీ అయిన ఇంట్లో పని సాగదు. అలాగని పెద్దవాళ్లు ఊరెళ్లినప్పుడు చాటుగా వాళ్ల సందూగ ఖాళీ చేయడం ద్రోహం. ఏ వస్తువు ఎవరిదో వాళ్లే తేల్చాలి. ఇక దేన్నీ వదల్లేక, వదలాలంటే తల్లడిల్లిపోయి, నడవడానికి దారి కూడా లేకుండా ఇల్లు నింపుకునేవారి బాధ వేరు. 2013 నుంచి అమెరికా మానసిక వైద్యుల సంఘం దాన్ని ప్రత్యేక రుగ్మతగా గుర్తిస్తోంది. వాళ్లకు కావలసింది చికిత్స, చీవాట్లు కాదు. మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు.

మిగిలినవారికి చిన్న నియమం చాలు: అరగంటలో తిరిగి లోపల పెట్టేయగలిగినంతే బయటికి తీయాలి. ఒక సొరుగు, ఒక సంచి, ఒక అర. మధ్యలో ఆపేసినా హాలు హాలులాగే ఉంటుంది. తీసిన పాత బట్టలను మాత్రం వీధిలో పాత చీరలకు స్టీలు సామాను ఇస్తామంటూ వచ్చేవారికి వేయబోయే ముందు ఒక క్షణం ఆగండి. గంటసేపు బేరమాడి, చీరల మూట ఇచ్చి, ఒక డబ్బా పుచ్చుకుంటారు. దానికి సజ్జ మీద చోటు వెతకడం మళ్లీ మీ పనే.