పెంపుడు పులుల లెక్క తప్పింది 1998లో

ఇంట్లో పెంచిన పులినో సింహాన్నో అధికారులు తరలించిన ప్రతిసారీ అమెరికాలో అదే వాదన రాజుకుంటుంది. పాలసీసా పట్టి పెంచినవాళ్ల దగ్గరే ఉండనివ్వాలా, శాంక్చురీకి, అంటే ఇలాంటి జంతువుల్ని బతికినంతకాలం సాకే ఆశ్రయానికి, పంపాలా? ఇప్పుడూ అందరూ పులి, సింహం వంటి పెద్ద పిల్లుల ప్రైవేటు పెంపకాన్ని కట్టడి చేసిన 2022 డిసెంబరు నాటి బిగ్ క్యాట్ పబ్లిక్ సేఫ్టీ చట్టం గురించే మాట్లాడుతున్నారు. కానీ ఈ చిక్కుముడి బిగిసింది 1998లో. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

అంతరించిపోతున్న జీవుల చట్టం కింద పులుల్ని పెంచి వ్యాపారం చేసేవారు వన్యప్రాణుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ దగ్గర నమోదు చేసుకోవాలి. ఆ ఏడాది ఆ సంస్థ ‘జెనెరిక్’ పులులకు, అంటే బెంగాల్, సైబీరియా వంటి ఉపజాతుల సంకరాలకు, నమోదు అక్కర్లేదని మినహాయింపు ఇచ్చింది. జాతి సంరక్షణకు పనికిరాని జంతువులకు ఇన్ని కాగితాలెందుకన్నది అప్పటి తర్కం. ప్రైవేటు చేతుల్లో ఉన్న పులుల్లో ఎక్కువ భాగం సరిగ్గా అలాంటివే. దాంతో ఏ కూన ఎక్కడ పుట్టింది, ఎవరి చేతికి వెళ్లింది, ఎప్పుడు చనిపోయింది అన్న సమాచారం ప్రభుత్వానికి అందడం మానేసింది. కాగితాలేమైనా ఉంటే యజమాని దగ్గరే ఉండేవి. 2003 నాటి క్యాప్టివ్ వైల్డ్‌లైఫ్ సేఫ్టీ చట్టం రాష్ట్రాల మధ్య పెంపుడు వ్యాపారాన్ని అడ్డుకుంది గానీ రాష్ట్రం లోపలి అమ్మకాల జోలికి, వ్యవసాయ శాఖ లైసెన్సున్న ప్రదర్శకుల జోలికి పోలేదు. మినహాయింపు రద్దయ్యేసరికి 2016 వచ్చింది. దేశంలో 5,000 బందీ పులులున్నాయని తరచూ వినిపించే అంకె ఇప్పటికీ అంచనాగానే మిగలడం ఆ 18 ఏళ్ల ఫలితం.

ఆ లోగా కూనలతో ఫొటోల వ్యాపారం పెరిగింది. సందర్శకుల ఒడిలో పెట్టడానికి కూన పనికొచ్చేది సుమారు 8 నుంచి 12 వారాల వయసులోనే. అంతకుముందు రోగనిరోధక శక్తి చాలదు, ఆ తర్వాత పళ్లూ గోళ్లూ ప్రమాదం. నాలుగు వారాల పని అయిపోయిన జంతువు మరో 15, 20 ఏళ్లు బతుకుతుంది, పెద్దయ్యాక రోజుకు 5 నుంచి 7 కిలోల మాంసం తింటుంది. ఇళ్లకు చేరినవాటిలో ఇలా మిగిలిపోయినవి చాలానే ఉన్నాయి.

కాగితాలు లేకపోవడం ఎంత నష్టమో రక్షణ బృందానికి మొదటి రోజే తెలుస్తుంది. వ్యవధి ఉంటే రవాణా బోనును ఎన్‌క్లోజర్ తలుపుకు ఆనించి, ముందు గుమ్మం దగ్గర, తర్వాత లోపలి కొసన తిండి పెడుతూ జంతువే నడిచొచ్చేలా అలవాటు చేస్తారు. దీనికి వారాలు పట్టొచ్చు. కోర్టు ఉత్తర్వు గడువు దగ్గరపడితే మత్తు ఒక్కటే దారి. ముందు తిండి ఆపాలి, లేకుంటే వాంతి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. బరువు కంటితో అంచనా వేయాలి, ఊబకాయమున్న పెంపుడు జంతువు విషయంలో ఆ అంచనా తేలిగ్గా తప్పుతుంది. టైలెటమైన్-జోలజెపామ్ అనే మత్తుమందుల మిశ్రమం తర్వాత పులుల్లో నరాల ఇబ్బందులు కనిపించిన దాఖలాలు ఉన్నందున చాలామంది వైద్యులు మెడెటోమిడిన్, కెటమైన్ కలిపి వాడతారు. మెడెటోమిడిన్‌కు విరుగుడుగా అటిపమెజోల్ ఉంది. మూత్రపిండాలు ఎలా ఉన్నాయో, గతంలో మత్తుకు ఎలా స్పందించిందో చెప్పే కాగితం మాత్రం ఉండదు.

శాంక్చురీకి చేరాక క్వారంటైన్ కనీసం 30 రోజులు. మల పరీక్ష, రక్త పరీక్ష, ఎక్స్-రే చేస్తారు. ఎముక లేని కోడిమాంసంతో పెరిగినవాటికి కాల్షియం అందదు. కండలో ఫాస్ఫరస్ దానికి 15, 20 రెట్లు ఉంటుంది. శరీరం ఎముకల నుంచే కాల్షియం లాగేసుకోవడంతో కాళ్లు వంగిపోతాయి, చిన్న గెంతుకే విరుగుతాయి. గోళ్లు తీయించిన పాదం మరో ఘోరం. ఆ శస్త్రచికిత్సలో తెగేది వేలి చివరి ఎముక. ముక్క లోపల మిగిలితే మళ్లీ పెరిగి పాదం మెత్తను పొడుస్తుంది. లైసెన్సుదారుల జంతువులకు ఇది తగదని వ్యవసాయ శాఖ 2006లోనే చెప్పింది. కీళ్లనొప్పికి మెలాక్సికామ్ అనే నొప్పి మందు ఇవ్వాలంటే మళ్లీ మూత్రపిండాల భయమే.

అడవిలో వదలొచ్చు కదా అని అడుగుతారు. తల్లి వెంట దాదాపు రెండేళ్లు తిరిగి వేట నేర్చుకోని, మనిషంటే బెదరని సంకర పులిని ఏ అడవిలోనూ వదలరు. వంశావళి తెలియని జంతువును జూల సంతానోత్పత్తి కార్యక్రమమూ తీసుకోదు. మిగిలేది శాంక్చురీ. అక్కడా కంచె 12 అడుగులుండి పైభాగం లోపలికి వంగాలి, చిరుతలకైతే పైకప్పు కావాలి. మగ సింహానికి వృషణాలు తీసేస్తే జూలు రాలిపోతుంది కాబట్టి వాసెక్టమీ చేస్తారు. 2017లో ఓక్లహోమాలోని ఒక్క జూ నుంచే 39 పులులు కొలరాడోకు చేరాయి. 2021లో ఓక్లహోమాలోనే థాకర్‌విల్‌లో న్యాయశాఖ 68 పెద్ద పిల్లులను స్వాధీనం చేసుకుంది.

2011 అక్టోబరులో ఒహాయోలోని జేన్స్‌విల్‌లో యజమాని తన 56 జంతువుల్లో చాలావాటిని వదిలేసి ప్రాణం తీసుకున్నాడు. 18 పులులు, 17 సింహాలు పోలీసు తూటాలకు బలయ్యాయి. మత్తు సూది ఎందుకు వాడలేదని ఇప్పటికీ నిందిస్తారు. మందు పనిచేయడానికి నిమిషాలు పడుతుంది, ఆ లోపు జంతువు చీకట్లో ఎటైనా పోతుంది. మర్నాడు సూది తగిలిన ఒక పులి మీదికి రావడంతో దాన్నీ కాల్చాల్సి వచ్చింది. మరుసటి ఏడాది ఒహాయో చట్టం తెచ్చింది.

యజమానుల మాటలో నిజం లేకపోలేదు. తరలింపు జంతువును బాధిస్తుంది, పాత మనుషుల కోసం కొన్ని తిండి మానేస్తాయి. 2023 జూన్ 18లోగా నమోదు చేసుకున్నవారు తమ జంతువులను ఉంచుకోవచ్చని చట్టమే అంటోంది. కొత్తవి కొనకూడదు, పిల్లల్ని పుట్టించకూడదు, జనాన్ని తాకనివ్వకూడదు. కానీ 2022లో పుట్టిన పులి 2040 దాకా బతకొచ్చు, దాని యజమాని అంతకాలం ఉంటాడన్న హామీ లేదు. జంతువును ఎవరు తీసుకుంటారో యజమాని ఆరోగ్యంగా ఉండగానే ఏదో ఒక శాంక్చురీతో రాతపూర్వకంగా ఖాయం చేసుకోవాలి, వైద్య వివరాలు ఆ ఒప్పందంతోపాటే చేరాలి.