నల్ల ఇసుక, ఉప్పు గాలి, రిమోట్ ట్రక్కు

విశాఖ నుంచి భీమిలి దాకా తీరం వెంట ఇసుకలో అక్కడక్కడా నల్లటి చారలు కనిపిస్తాయి. అది బురద కాదు. ఇల్మెనైటు, మాగ్నటైటు లాంటి బరువైన ఖనిజాల రేణువులు. అల వెనక్కి మళ్లేటప్పుడు తేలిక ఇసుకను లాక్కుపోయి వీటిని వదిలేస్తుంది. అయస్కాంతం చూపిస్తే మాగ్నటైటు మీసాల్లా లేచి అంటుకుంటుంది. రిమోట్‌తో నడిపే చిన్న రేసు ట్రక్కు బ్రష్‌లెస్ (బ్రష్షులు లేని) మోటారు లోపల తిరిగేది కూడా అయస్కాంతమే, అదీ బాగా బలమైనది. దానికీ చుట్టూ ఉన్న ఇనుప గూడుకీ మధ్య ఖాళీ మిల్లీమీటరు కూడా ఉండదు. గాలి కోసం కన్నాలు వదిలిన మోటారుతో బీచి పక్కన కాసేపు నడిపితే నల్ల ఇసుక ఆ సందులోకి చేరిపోతుంది.

కాబట్టి ఈ ఊళ్లో రేసుకు ముందు ట్రక్కు తనిఖీ మోటారుతోనే మొదలవ్వాలి. మోటారు మరలు (స్క్రూలు) వదులు చేసి, పినియన్‌ను (మోటారు షాఫ్టు మీది చిన్న పళ్ల చక్రం) స్పర్ గేరు (అది తిప్పే పెద్ద పళ్ల చక్రం) నుంచి పక్కకు జరిపి, షాఫ్టును వేళ్లతో తిప్పి చూడండి. కొన్ని మోటార్లు ఆగి ఆగి తిరుగుతాయి, అది అయస్కాంతం లాగుడు, తప్పేం కాదు. గరగర వినిపిస్తే మాత్రం విప్పాలి. రోటరు (లోపల తిరిగే అయస్కాంతం) మీద పట్టిన ఇసుక ఊదితే పోదు, అయస్కాంతం వదలదు. జిగురు టేపు ముక్కతో అద్ది అద్ది తీయాలి.

తర్వాత బేరింగులు. చక్రాన్ని పట్టుకుని పక్కలకు ఊపితే ఏ మూల ఆడుతోందో చేతికే తెలుస్తుంది. ఉప్పు గాలిలో స్టీలు బేరింగు త్వరగా తుప్పు పడుతుంది. రబ్బరు మూతను సూది మొనతో లేపి, లోపల పెట్రోలుతో కడిగి, పూర్తిగా ఆరాక ఒక్క చుక్క పలచని నూనె వేస్తే చాలు. రెండు చుక్కలు వేస్తే ఎర్ర దుమ్మును అదే పిలుస్తుంది. (దుమ్ము మాటొచ్చింది కనుక: ఎర్రమట్టి దిబ్బల మీద ట్రక్కు నడపాలన్న సరదా వద్దు. అది కాపాడుకోవాల్సిన భూవారసత్వ స్థలం, ఒక్కసారి గీరుకుపోతే తిరిగి రాదు.) లోహంలోకి దిగే ప్రతి మరకూ నీలం రంగు థ్రెడ్‌లాక్ (మర వదులవకుండా పట్టే జిగురు) కొద్దిగా పెట్టండి. ప్లాస్టిక్‌లోకి దిగే మరకు అక్కర్లేదు, కొన్ని ప్లాస్టిక్‌లను అది పగలగొడుతుంది.

పినియన్, స్పర్ పళ్లు కలిసే చోట నోటుపుస్తకం కాగితం ముక్క పెట్టి, మోటారును దగ్గరకు నొక్కి మరలు బిగించి, కాగితం లాగేస్తే సరైన సందు మిగులుతుంది. ఒక్క చోట చూసి వదిలేయకూడదు. స్పర్ పూర్తి గుండ్రంగా ఉండదు కాబట్టి నాలుగు చోట్ల తిప్పి చూడాలి. సందు మరీ తక్కువైతే మోటారు వేడెక్కుతుంది, ఎక్కువైతే మొదటి గెంతులోనే పళ్లు రాలతాయి.

ఇప్పుడు అందరూ తొందరపడే చోటు: పినియన్ సైజు. 3,500 కేవీ మోటారు (కేవీ అంటే ఇక్కడ ఒక్కో వోల్టుకు నిమిషానికి తిరిగే చుట్లు), నిండా చార్జయిన రెండు సెల్లుల బ్యాటరీ 8.4 వోల్టులు అనుకుందాం. లోడు లేకుండా నిమిషానికి 29,400 చుట్లు. మొత్తం గేరు నిష్పత్తి 11 (మోటారు 11 చుట్లకు చక్రం ఒక చుట్టు), టైరు వ్యాసం 110 మిల్లీమీటర్లు అయితే లెక్క ప్రకారం గంటకు 55 కిలోమీటర్లు, నేల మీద ఇంకాస్త తక్కువే. 14 పళ్ల పినియన్ తీసి 16 పళ్లది వేస్తే కాగితం మీద 63 వస్తుంది. కానీ చక్రం దగ్గర అదే బలం కావాలంటే మోటారు 14 శాతం ఎక్కువ కరెంటు లాగాలి. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది 30 శాతం ఎక్కువవుతుంది. మలుపులెక్కువ ఉన్న ట్రాకులో ఆ 63 ఎలాగూ రాదు, వేడి మాత్రం తప్పదు.

ఆ వేడి కూడా బయటి గాలి వేడి మీద కూర్చుంటుంది. 20 డిగ్రీల ఊళ్లో 70 దగ్గర ఆగే మోటారు, 36 డిగ్రీల విశాఖ మధ్యాహ్నం 86కు చేరుతుంది. సాధారణ రకం నియోడిమియం అయస్కాంతానికి 80 డిగ్రీలే హద్దు. అది దాటితే బలం కొంత శాశ్వతంగా పోతుంది. బలం తగ్గిన మోటారు అదే పనికి ఇంకా ఎక్కువ కరెంటు లాగి, ఇంకా వేడెక్కుతుంది. అందుకే చిన్న పినియన్‌తో మొదలుపెట్టి, నాలుగు నిమిషాలు నడిపి, వేడి చూసి, ఒక్కో పన్నే పెంచాలి. కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటరు ఇందుకు పనికిరాదు, అది జ్వరం హద్దుల్లోనే చూపిస్తుంది. వర్క్‌షాపుల్లో వాడే ఇన్‌ఫ్రారెడ్ రకం కావాలి. మెరిసే లోహం మీద అదీ తక్కువ చూపిస్తుంది, మోటారు మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద గురిపెట్టండి.

షాక్ అబ్జార్బరు ఆయిలుదీ ఇదే కథ. సీసా మీది అంకె సాధారణంగా 25 డిగ్రీల దగ్గర కొలిచింది. సిలికాన్ ఆయిలు 40 డిగ్రీల దగ్గర దాదాపు నాలుగో వంతు పలచబడుతుంది. అంటే చల్లటి దేశపు సెటప్ కాగితం చూసి పోసిన 350 సీఎస్టీ (సెంటీస్టోక్, చిక్కదనం కొలత) ఆయిలు, ఎండలో ఉన్న ట్రక్కులో 265లా పనిచేస్తుంది. గెంతు దిగగానే ట్రక్కు పొట్ట నేలకు కొట్టుకుంటుంటే చాలామంది స్ప్రింగు మారుస్తారు. ముందు మార్చాల్సింది ఆయిలు: 425 లేదా 450 పోసి చూడండి. కొన్ని సీసాల మీద ఉండే డబ్ల్యూటీ (వెయిట్) అంకెలు ఒక్కో కంపెనీకి ఒక్కో తీరుగా ఉంటాయి, సీఎస్టీనే నమ్మండి. డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల డబ్బా) ఆయిలుకూ ఇదే లెక్క.

పోసే పద్ధతిలోనే సగం తప్పులు. పిస్టన్‌ను కిందికి లాగి ఆయిలు నింపి, మెల్లగా పైకీ కిందికీ ఆడించి, బుడగలన్నీ పైకి వచ్చేదాకా ఐదు పది నిమిషాలు నిలబెట్టాలి. మూత బిగించాక ఎడమ కుడి షాక్‌లను పక్కపక్కన పెట్టి ఒకేసారి నొక్కి వదిలితే, రెండూ ఒకే వేగంతో, ఒకే పొడవు దాకా తిరిగి రావాలి. నొక్కినప్పుడు పిచుక్ మంటే లోపల గాలి ఉన్నట్టే. బిగించాక ట్రక్కును 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి చదునుగా వదలండి: ఒక్కసారి కుంగి, ఎగరకుండా నిలవాలి. ముందు వైపు సరిగ్గా మధ్యలో స్క్రూడ్రైవరు మొనతో ఎత్తితే రెండు చక్రాలూ ఒకేసారి నేల వదలాలి. ఒకటి ముందు లేస్తే ట్రక్కు ఒక వైపుకు మెలిక తిరిగి ఉంది.

క్యాంబరు, అంటే చక్రం పైభాగం వాలు, ముందూ వెనకా ఒకటి నుంచి రెండు డిగ్రీలు లోపలికి ఉంటే మొదలుకు సరిపోతుంది. టైరు అంచును రిమ్ నుంచి వేలితో లాగి, జిగురు ఊడిందేమో చూడండి.

సర్వో (ముందు చక్రాలను పక్కకు తిప్పే చిన్న మోటారు) పూర్తిగా ఒక పక్కకు తిరిగినప్పుడు గుయ్ మంటుంటే, రిమోట్‌లో ఎండ్‌పాయింటు (అది తిరిగే హద్దు) తగ్గించాలి. లేకపోతే అది నొక్కుకుంటూ కాలిపోతుంది. తర్వాత ఫెయిల్‌సేఫ్, అంటే రిమోట్ సిగ్నల్ పోతే ట్రక్కు దానంతటదే ఆగే ఏర్పాటు: ట్రక్కును స్టాండు మీద పెట్టి, కొద్దిగా థ్రాటిల్ ఇచ్చి, రిమోట్ ఆపేయండి. చక్రాలు ఆగకపోతే ఆ ట్రక్కును ట్రాకు మీదకు దించకూడదు, అవతల నిలబడేది పిల్లలు. నడిపేటప్పుడు మాత్రం ఎప్పుడూ ముందు రిమోట్ ఆన్, చివర రిమోట్ ఆఫ్.

లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని 5,000 ఎంఏహెచ్‌దైతే 5 ఆంపియర్ల దగ్గర, బ్యాలెన్స్ పద్ధతిలో (సెల్లులన్నీ సమానంగా నిండేలా), దగ్గరే ఉండి చార్జి చేయండి. సెల్లు ఒక్కొక్కటీ 4.20 వోల్టులు చూపించాలి. రెండింటి మధ్య తేడా ప్రతిసారీ పెరుగుతుంటే ఆ బ్యాటరీ రేసుకు కాదు. ఉబ్బినది దేనికీ కాదు. ఎండలో నిలిపిన స్కూటీ డిక్కీలో బ్యాటరీ పెట్టి టీకి వెళ్లకండి. రేసు అయ్యాక సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఆపి దాచాలి. ట్రక్కును మాత్రం ఆ రాత్రే బ్రష్షుతో దులిపి, బేరింగులకు చుక్క నూనె వేసి పడుకోండి, ఉప్పు ఆదివారం దాకా ఆగదు.