చెరువుకూ మడికీ నడుమ నీరటి

బంగారు పిల్లలకు,

బడి దారిలో నాలుగు వీధి దీపాలు వెలగడం లేదని సర్పంచ్ గారికి చెబితే "చూద్దాం" అన్నారనీ, నెల దాటినా చీకటి అలాగే ఉందనీ రాశారు. మీ తరఫున నిలబడే పెద్దమనిషిని ఒకరిని చూసుకోమని నేనంటే, "మేం చెప్పాక కూడా మధ్యలో ఇంకో మనిషి ఎందుకు తాతయ్యా?" అని అడిగారు.

చెరువు నిండా నీళ్ళున్నా, పక్కనే మడి ఎండుతున్నా, నీళ్ళు వాటంతట అవి మడి ఎక్కవు. నీరటి కావాలి. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ కాలువకు ఎంతసేపు వంతో, గండి ఎక్కడ పడిందో అతనికే తెలుసు. చెరువు అతనిది కాదు, పొలమూ కాదు. అయినా మా చిన్నప్పుడు నాట్ల వేళ ఊరంతా అతని కోసమే ఎదురుచూసేది. మీకు ఆ నీరటి బడి సారు కావచ్చు, అంగన్‌వాడీ టీచరమ్మ కావచ్చు, స్వచ్ఛంద సంస్థ కార్యకర్త కావచ్చు.

గ్రామసభ సభ్యులంటే ఓటరు జాబితాలో పేరున్నవాళ్ళు. పద్దెనిమిదేళ్ళు నిండని మీ పేరు అందులో ఉండదు. కర్ణాటకలో పిల్లల కోసమే వేరుగా మక్కళ గ్రామసభలు పెడతారు. అలాంటి సభ లేని ఊళ్ళో మీ మాటకు వంతు ఇప్పించే పెద్దమనిషి ఉండాలి.

ఆ మనిషి ముందుగా చూడాల్సింది ఏ కాలువలో నీళ్ళు ఆగాయో. మామూలుగా బల్బు పంచాయతీది, స్తంభమూ తీగా కరెంటు సంస్థవి. దీపాలను మాత్రం విడిగా వేసి ఆపడానికి మూడో తీగ లేకపోతే అవి పగలూ వెలుగుతాయి, త్వరగా మాడిపోతాయి. అలాంటి చోట "బల్బు మార్చండి" అని అర్జీ ఇస్తే మళ్ళీ మళ్ళీ అదే అర్జీ రాయాలి.

తర్వాత డబ్బు. ఆర్థిక సంఘం సిఫారసుతో కేంద్రం పంచాయతీలకు ఇచ్చే గ్రాంటులో కొంత భాగం తాగునీటికీ పారిశుధ్యానికీ కట్టుబడినదే. దీపాలకు మిగతా భాగం నుంచో, పంచాయతీ సొంత ఆదాయం నుంచో రావాలి. గ్రాంటుతో చేసే పని పంచాయతీ ఆ ఏటి ప్రణాళికలో ఉండాలి. వచ్చే ఏటి ప్రణాళికకు కదలిక అక్టోబరు 2 నుంచి మొదలవుతుంది కాబట్టి, మీ కాగితం అంతకు ముందే చేరాలి. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. అర్జీ పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోండి. సభ అయ్యాక తీర్మానం నంబరు అడిగి రాసుకోండి.

పని చెడేది ఎక్కువగా ఇక్కడే: సారే అర్జీ రాసి, సారే మాట్లాడి, మిమ్మల్ని ఫొటోకు నిలబెడతారు. నీరటి నీళ్ళు మళ్ళించాలి గానీ, మీ మడి తానే దున్నకూడదు. మీ మాట మీరే చెప్పండి. ఒకేసారి ఇరవై కోరికలు పెట్టకండి, ఒక్కటి చాలు. పదో తరగతి వాళ్ళు బడి దాటగానే జట్టు చెదిరిపోతుంది, అందుకని ఏడో తరగతి వాళ్ళను ఇప్పుడే కలుపుకోండి.

ఈ రాత్రి ఏడింటికి ఇంట్లో పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని ఆ దారిన నడవండి. స్తంభాలు ముట్టుకోకుండా, వాటి మీది నంబర్లు రాసుకోండి. రేపు పొద్దున పదింటికి మళ్ళీ వెళ్ళండి. ఎండలో వెలుగుతున్న దీపం కనిపిస్తే, దాని నంబరు అర్జీలో మొట్టమొదట రాయండి.

ప్రేమతో,
తాతయ్య