ఆర్ లోయ లెక్కలోకి రాని రెండు వరదలు

2021 జూలై 14 రాత్రి జర్మనీలో ఆర్ నది పొంగి, లోయ వెంబడి ఊళ్లలో 130 మందికి పైగా ప్రాణాలు తీసింది. సిన్‌జిగ్‌లోని దివ్యాంగుల వసతి గృహంలోనే 12 మంది మునిగిపోయారు. మితమైన వాతావరణం, సంపద, శాస్త్ర పరిజ్ఞానం అన్నీ ఉన్న దేశం కదా, ఇది ఎవరూ ఎరగని విపత్తు అని అప్పట్లో చాలామంది అన్నారు. లోయ చరిత్ర ఆ మాటను ఒప్పుకోదు.

1804 జూలైలో ఇదే నది 63 మందిని బలిగొంది. 1910 జూన్‌లో మరో 52 మంది పోయారు. వారిలో ఎక్కువమంది రైలుమార్గం పనులకు వచ్చిన కూలీలు. అప్పుడూ కొట్టుకొచ్చిన కలప వంతెనలకు అడ్డుపడి నీటిని ఎగదన్నింది. 2021లోనూ చెట్లు, వాహనాలు అదే చేశాయి. లోయ ఇరుకు, వాలు నిటారు, రాతి మీద మట్టి పలుచన. కురిసిన వాన ఇంకే వీలు తక్కువ, గంటల్లోనే నదిలోకి దూకుతుంది.

1910 తర్వాత ఎగువన వరదను నిలిపే జలాశయాలకు ప్రణాళిక వేశారు. అవి కాగితం దాటలేదు. 1925లో ఆ కొండల్లో మొదలైంది నూర్‌బర్గ్‌రింగ్ కార్ల పందేల బాట. జలాశయాలకు అనుకున్న డబ్బు దానికే మళ్లిందని అక్కడివారు నేటికీ బాధపడతారు.

ముంపు పటాలు గీసినప్పుడు ఆల్టెనార్ నీటిమట్టం కేంద్రంలో 1940ల చివరి నుంచి నమోదైన కొలతలనే ఆధారం చేసుకున్నారు. వాటిలో గరిష్ఠం 2016 నాటి 3.71 మీటర్లు. 2021లో ఆ కేంద్రమే కొట్టుకుపోయింది. నీరు సుమారు 10 మీటర్లకు చేరిందని తర్వాత అంచనా కట్టారు. పాత వరదల తీవ్రతను బాన్ విశ్వవిద్యాలయ భూగోళ శాస్త్రవేత్తలు అంతకు ముందే లెక్కగట్టి ఉన్నా, అది పటాల్లోకి ఎక్కలేదు. నా దృష్టిలో అసలు లోపం ఇదే.

ఈ పాత ప్రమాదానికి వేడెక్కిన గాలి తోడైంది. ఒక డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. మనుషుల వల్ల పెరిగిన భూతాపం కారణంగా పశ్చిమ ఐరోపాలో ఇలాంటి కుండపోత వచ్చే అవకాశం 1.2 నుంచి 9 రెట్ల వరకు పెరిగిందని శాస్త్రవేత్తల బృందం ఆ ఆగస్టులోనే తేల్చింది.

2021 మరణాలపై అధికారుల మీద సాగిన దర్యాప్తును 2024 ఏప్రిల్‌లో కోబ్లెంజ్ నగర ప్రాసిక్యూటర్లు అభియోగాలు మోపకుండానే ముగించారు. వరద ఇంత తీవ్రంగా ఉంటుందని ముందే ఊహించడం సాధ్యం కాదన్నది వారు చూపిన కారణాల్లో ఒకటి. 1804, 1910 మృతుల సంఖ్యలు కళ్లెదుట ఉండగా ఆ మాట నాకు మింగుడు పడదు. ఇళ్లలో అత్యధికం మళ్లీ పాత చోటే లేచాయి. ఎగువ జలాశయాల ప్రణాళిక మాత్రం ఇప్పుడు మళ్లీ బల్ల మీదికి వచ్చింది.